పాత మియాటాతో కాపురం: లోపాల్లా కనిపించే అలవాట్లు, కళ్లెదుటే దాగిన సదుపాయాలు

మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5 కొన్నవారికి తొలి నెలలో వచ్చే భయాలు దాదాపు ఒకటే. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజిన్ పైభాగం టకటకలాడుతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఆయిల్ ముల్లు కిందికి జారిపోతుంది. రెండో గేరు మొరాయిస్తుంది. వాన పడ్డాక సీటు వెనక కార్పెట్ తడిసి ఉంటుంది. ఈ భయాలతో భాగాలు మార్చేసి, డబ్బు పోగొట్టుకుని, చివరికి అదే టకటకతో తిరుగుతున్నవారు చాలామంది ఉన్నారు. ఈ కారు తన బాధలన్నీ బయటికే చెప్పుకుంటుంది. ఆ భాష తెలియనివారికి గొణుగుడు వ్యాధిలా, వ్యాధి గొణుగుడులా కనిపిస్తుంది. ఏ భాగమైనా ఊడదీసే ముందు ఈ మార్గదర్శిని ఒకసారి చదవండి.

1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి కనిపించిన ఈ రెండు సీట్ల కారు అమెరికాలో మియాటా, జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్. 1997 వరకు తయారైన మొదటి తరాన్ని అభిమానులు ఎన్ఏ అంటారు. ఇక్కడ చెప్పేదంతా దాని గురించే. తర్వాతి తరాలకు కొన్ని మాటలే వర్తిస్తాయి.

ముందు మీ కారు ఏదో తేల్చుకోండి

తొలి కార్లలో 1.6 లీటర్ల ఇంజిన్. 1994 మోడల్ నుంచి 1.8 వచ్చింది, కొన్ని దేశాల్లో 1.6 కూడా కొనసాగింది. రెండూ చూడటానికి అన్నదమ్ముల్లా ఉన్నా, చూసుకునే తీరులో తేడాలున్నాయి. కాబట్టి మొదటి పని ఇంజిన్ ఏదో కనుక్కోవడం.

1.6 అయితే రెండో పని ఉంది. టార్చిలైటు, చిన్న అద్దం తీసుకుని ఇంజిన్ ముందువైపు అడుగున ఉండే క్రాంక్ పుల్లీని చూడండి. పెద్ద బోల్టు చుట్టూ పుల్లీ మధ్యభాగంలో గాడులు కనిపిస్తాయి. ఎనిమిది ఉంటే నిశ్చింత. నాలుగే ఉంటే అది 1991 మధ్య వరకు వచ్చిన పొట్టి ముక్కు క్రాంక్. దానిలో బోల్టు సరిగా బిగియకపోతే, పుల్లీని పట్టి ఉంచే చిన్న ఇనుప కీ, అది కూర్చునే గాడి కాలక్రమంలో అరిగిపోతాయి. అప్పుడు టైమింగ్, అంటే ఇంజిన్‌లో నిప్పురవ్వ పడే సమయం, వెనక్కి జారి, ఇంజిన్ బలం తగ్గుతుంది. నాలుగు గాడులున్నాయని కారు వదులుకోనక్కర్లేదు. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు పుల్లీ అటూ ఇటూ ఊగుతోందా అని చూడండి. టైమింగ్ బెల్టు మార్చే రోజున ఆ బోల్టును చేతి అంచనాతో బిగించనివ్వకండి, బిగువు కొలిచే టార్క్ పానా ఉండాల్సిందే.

బెల్టు గురించి ఒక ఊరట కూడా ఉంది. ఎన్ఏ ఇంజిన్లలో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు. కారు ఆగిపోతుంది, ఇంజిన్ మాత్రం బతుకుతుంది. అలాగని 60,000 మైళ్ల గడువు దాటించడం మంచిది కాదు. ఆగిపోయేది ఏ వంతెన మీదో ఎవరికి తెలుసు?

కళ్లు తెరిచే మీట

పైకి లేచే హెడ్‌లైట్లే ఈ కారు ముఖం. వాటి గురించి యజమానుల్లో సగం మందికి తెలియని విషయాలు మూడు.

మొదటిది, డాష్‌బోర్డు మధ్యలో ప్రమాద సూచిక మీట పక్కనున్న చిన్న బటన్. అది లైట్లు వెలిగించకుండానే వాటిని పైకి లేపుతుంది. లైట్ల అద్దాలు తుడవడానికి, బల్బు మార్చడానికి ఇదే దారి. మంచు కురిసే చోట ఉంటే, కారు నిలిపేటప్పుడే లేపి వదిలేయండి. రాత్రి మూతలు గడ్డకట్టుకుపోతే పొద్దున్న వాటిని లేపబోయి మోటారు అవస్థ పడుతుంది.

రెండోది, స్టీరింగ్ పక్కన మీటను పూర్తిగా తిప్పి లైట్లు వెలిగించి, తర్వాత ఒక మెట్టు వెనక్కి, అంటే పార్కింగ్ లైట్ల స్థానానికి తిప్పితే హెడ్‌లైట్లు ఆరిపోతాయి కానీ పైనే ఉండిపోతాయి. పూర్తిగా ఆపితేనే కిందికి దిగుతాయి. ఇది తెలియక రిలే పాడైందనుకునేవారున్నారు.

మూడోది నిజంగా అవసరానికి పనికొచ్చేది. దారి మధ్యలో, చీకట్లో ఒక లైటు లేవకపోతే చేత్తో లేపవచ్చు.

1. ఇంజిన్ ఆపి, బానెట్ తెరవండి. ఇంజిన్ గదిలోని ఫ్యూజుల పెట్టెలో రిట్రాక్టర్ అని రాసి ఉన్న ఫ్యూజు తీసేయండి. ఈ మెట్టు మానవద్దు. చెయ్యి లోపల ఉండగా మోటారు తిరిగితే వేళ్లు నలుగుతాయి.
2. లేవని లైటు వెనక ఉన్న మోటారు మీద నల్లటి రబ్బరు టోపీ ఉంటుంది. దాన్ని లాగేయండి.
3. కింద చిన్న తిప్పుడు గుబ్బ కనిపిస్తుంది. లైటు పూర్తిగా లేచేవరకు ఓపికగా తిప్పండి. చాలా చుట్లు పడతాయి.
4. టోపీ తిరిగి తొడగండి. లేకపోతే నీళ్లు దిగి, బాగున్న మోటారు కూడా పోతుంది.

అందరూ ముందు లైట్లనే చూసి మురిసిపోతారు గానీ, న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం తన సేకరణలోకి తీసుకున్నది ఈ కారు వెనక లైటును.

పైకప్పు, నీళ్లు పోయే దారి

ఈ కార్లను చంపేది ఇంజిన్ కాదు, తుప్పు. ఆ తుప్పుకు మూలం చాలాసార్లు ఒక మూసుకుపోయిన గొట్టం. ఈ ఒక్క భాగం మాత్రం నిదానంగా చదవండి.

గుడ్డ పైకప్పు మీద పడిన నీరు వెనక్కి జారి, కప్పు అడుగు అంచున ఉన్న ప్లాస్టిక్ కాలువలోకి చేరుతుంది. అక్కడి నుంచి రెండు పక్కలకూ పారి, సీటు బెల్టు స్తంభాల వెనక ఉన్న గొట్టాల్లో దిగి, వెనక చక్రాలకు కాస్త ముందు కారు అడుగున బయటికి వస్తుంది. ఆకులు, దుమ్ము, పాత గుడ్డ పీచు ఆ గొట్టాన్ని మూస్తే నీరు ఆగదు, వేరే దారి వెతుక్కుంటుంది. కొంత కార్పెట్ మీదికి, మిగిలింది తలుపు కింది పెట్టెలాంటి రేకు భాగంలోకి. అక్కడ అది ఎవరికీ కనిపించకుండా లోపలి నుంచి రేకును తింటుంది. బయట రంగు మీద చిన్న బుడగ కనిపించే నాటికి లోపల రేకు చిల్లులు పడి ఉంటుంది.

పరీక్ష ఇలా చేయండి. కప్పును సగం వరకు వెనక్కి దించి, సీటు బెల్టు స్తంభం వెనక చెయ్యి పెడితే కాలువ చివర, గొట్టం మూతి తగులుతుంది. ఒక గ్లాసు నీళ్లు సన్నటి ధారగా అందులో పోయండి. వెంటనే కారు కింద, వెనక చక్రానికి ముందు నేల తడవాలి. ధార పోసినంత వేగంగానే కిందికి రావాలి. చుక్కచుక్కగా వస్తే సగం మూసుకున్నట్టే. అసలు రాకపోతే పోయడం ఆపండి, ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయో మీకు ఇప్పుడు తెలుసు.

శుభ్రం చేయడానికి ఇనుప తీగ వాడకండి. అది గొట్టాన్ని చీలుస్తుంది, లేదా కింది అతుకు దగ్గర ఊడదీస్తుంది. అప్పుడు నీళ్లు నేరుగా రేకు లోపలికే పోతాయి, జబ్బు కంటే వైద్యం ప్రమాదమైపోతుంది. గడ్డి కోసే యంత్రంలో వాడే మందపాటి నైలాన్ దారం దీనికి సరైనది. దాని చివరను మంటకు చూపి గుండ్రంగా చేసి, తిప్పుతూ దించండి. తగిలిన చోట పొడవకండి, వెనక్కి లాగి మళ్లీ తిప్పండి. పని కింది నుంచి మొదలుపెడితే ఇంకా మంచిది, మురికి ఇంకా లోపలికి కూరుకుపోదు. మొదటిసారి బయటికొచ్చే నల్లటి బురద చూసి అవాక్కవుతారు. పని అయ్యాక ఇంకో గ్లాసు నీళ్లు పోసి సరిచూసుకోండి. ఏడాదికి రెండుసార్లు చేస్తే చాలు, చెట్ల కింద నిలిపే కారైతే మూడుసార్లు.

కప్పు దించే పద్ధతికీ ఒక క్రమం ఉంది. వెనక కిటికీ ప్లాస్టిక్‌ది. జిప్పు తెరిచి దాన్ని వెనకకు పరిచాకే కప్పు దించాలి. తెరవకుండా మడిస్తే ఒకే చోట మడత పడి, కొన్నాళ్లకు అక్కడే పగులుతుంది. చలిలో ప్లాస్టిక్ బిగుసుకుపోయి ఉంటుంది కాబట్టి ముందు హీటర్ వేసి లోపలంతా వెచ్చబడనివ్వండి. ఎత్తేటప్పుడు ముందువైపు రెండు కొక్కేలు బిగించక ముందే జిప్పు మూసుకుంటే గుడ్డ వదులుగా ఉండి సులువుగా నడుస్తుంది. పొడి గుడ్డతో ఆ కిటికీని తుడిచిన ప్రతిసారీ దుమ్ము దాన్ని గీరుతుంది. ముందు నీళ్లు, తర్వాతే గుడ్డ.

బ్యాటరీ డిక్కీలో ఎందుకు?

బరువును ముందూ వెనకా సమంగా పంచడానికి. జపాన్‌లో తొలి మోడల్ మొత్తం బరువే 940 కిలోలు, అందులో బ్యాటరీ ఎక్కడుందో కూడా లెక్కలోకి వస్తుంది. ఫ్యాక్టరీ అమర్చింది ఆయిల్ డబ్బా అంత చిన్న, ద్రవం ఒలకని రకం. దాని వాయువులు బయటికి పోవడానికి సన్నటి గొట్టాలుంటాయి. మామూలు బ్యాటరీ పెట్టి ఆ గొట్టం తగిలించకపోతే ఆమ్లపు ఆవిరి డిక్కీ నేలను తినేస్తుంది. కారు కొనేటప్పుడు బ్యాటరీ ఎత్తి కింద చూడటం మరిచిపోకండి.

కారుతో మాట్లాడే నల్ల పెట్టె

ఇంజిన్ గదిలో ముందు అద్దం వైపు మూలన, అరచేతిలో పట్టే నల్లటి ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. మూత మీద డయాగ్నసిస్ అని ఉంటుంది. చాలామంది దాన్ని ఏదో ఫ్యూజుల పెట్టె అనుకుని ఎన్నేళ్లయినా తెరవరు. స్కానర్లు రాకముందు కాలపు కారు కాబట్టి, దీనితో మాట్లాడటానికి రెండు అంగుళాల తీగ ముక్క చాలు. అమెరికాలో అమ్మిన 1996, 1997 కార్లకు స్కానర్ తగిలించే చోటు ఉంది, వారికి ఈ తంటా లేదు.

మూత లోపలివైపు రంధ్రాల పేర్లు ముద్రించి ఉంటాయి. మనకు కావలసినవి టీఈఎన్, జీఎన్‌డీ, ఎఫ్ఈఎన్, ఎఫ్-పీ, ప్లస్ బీ. ముద్రణను రెండుసార్లు చూసి గుచ్చండి. ప్లస్ బీని పొరపాటున జీఎన్‌డీతో కలిపితే ఫ్యూజు పోవడం ఖాయం.

లోపం అంకెలు చదవడానికి:

1. తాళం ఆపి ఉండగా టీఈఎన్, జీఎన్‌డీలను తీగతో కలపండి.
2. తాళం తిప్పండి, ఇంజిన్ మాత్రం స్టార్ట్ చేయవద్దు.
3. డాష్‌బోర్డులో ఇంజిన్ హెచ్చరిక దీపం మిణుకుమంటుంది. కొన్ని దేశాల కార్లలో ఆ దీపమే లేదు. అక్కడ ప్లస్ బీ, ఎఫ్ఈఎన్‌ల మధ్య చిన్న పరీక్ష దీపం పెట్టి చూడాలి.
4. నిడివైన మిణుకులు పదులు, పొట్టివి ఒకట్లు. ఒక నిడివైనది, ఐదు పొట్టివి వస్తే 15.

2, 3 అంకెలు ఇంజిన్ తల, అంటే సిలిండర్ హెడ్, వెనకనున్న క్యామ్ కోణపు సెన్సర్‌వి. 8 గాలి కొలిచే మీటర్‌ది. 9 కూలెంట్ వేడి సెన్సర్‌ది. 12 థ్రాటిల్, 15 ఆక్సిజన్ సెన్సర్. అంకె వచ్చిందంటే ఆ సెన్సరే పోయిందని అర్థం కాదు. ముప్పై ఏళ్ల కారులో తీగ తెగడం, కనెక్టర్‌లో పచ్చటి చిలుము పట్టడం అంతకంటే ఎక్కువగా జరుగుతాయి. ముందు కనెక్టర్ ఊడదీసి చూడండి. బాగుచేశాక బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, బ్రేక్ పెడల్‌ను ఇరవై సెకన్లకు పైగా తొక్కి ఉంచి, తిరిగి తగిలిస్తే పాత అంకెలు చెరిగిపోతాయి.

ఇదే తీగ ఇంకో పనికీ కావాలి. టైమింగ్ చూసేటప్పుడు టీఈఎన్, జీఎన్‌డీ కలపకపోతే కంప్యూటర్ తన ఇష్టప్రకారం టైమింగ్‌ను సర్దుతూనే ఉంటుంది. పుల్లీ మీద మీరు చూసే గుర్తు నిజం చెప్పదు. కలిపి ఉంచి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, హీటర్ ఫ్యాను, లైట్లు వంటివన్నీ ఆపి, ఇంజిన్ వేగం నిమిషానికి 850 చుట్ల దగ్గర ఉందో లేదో చూసి, అప్పుడు 10 డిగ్రీల గుర్తు సరిచూడండి. పని అయ్యాక తీగ తీయడం మరిచిపోతే కారు బద్ధకంగా నడుస్తుంది. నేనోసారి మరిచి, రోజంతా పెట్రోలును తిట్టుకున్నాను.

స్టార్ట్ కాని రోజున ఎఫ్-పీ రంధ్రం ఆదుకుంటుంది. దాన్ని జీఎన్‌డీతో కలిపి తాళం తిప్పితే సీట్ల వెనక నుంచి పెట్రోలు పంపు సన్నగా గుయ్‌మనడం వినిపించాలి. వినిపిస్తే పంపు బతికే ఉంది, తప్పు వేరేచోట వెతకండి.

1.6 కార్ల గాలి లెక్క

1.6 యజమానులకు మాత్రమే. లోపలికి పోయే గాలిని ఇందులో ఒక చిన్న తలుపు తెరుచుకునే కోణాన్ని బట్టి కొలుస్తారు. ఆ తలుపు తెరుచుకుంటేనే పెట్రోలు పంపు కూడా నడుస్తుంది. కాబట్టి మీటర్ దాటాక గాలి ఎక్కడ దొంగతనంగా చొరబడినా ఇంజిన్ తడబడుతుంది. ఆయిల్ పోసే మూత సరిగా బిగించకపోయినా చాలు. నమ్మకం లేకపోతే ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆ మూత తీసి చూడండి, తడబడటమో ఆగిపోవడమో జరుగుతుంది. నిజానికి ఇది మంచి పరీక్ష. మూత తీసినా ఏ తేడా రాకపోతే, గాలి ఇప్పటికే వేరేచోట నుంచి దూరుతోందని అనుమానించాలి. ఇంజిన్ ముందు నుంచి అడ్డంగా పోయే రబ్బరు గొట్టం మడతలను వేళ్లతో విప్పదీసి చూడండి. చీలికలు మడత లోపలే దాక్కుంటాయి, పైకి కనిపించవు.

ఆయిల్ చెప్పే అబద్ధాలు, నిజాలు

1994 వరకు వచ్చిన కార్లలో ఆయిల్ ప్రెషర్ ముల్లు నిజమైనది. వేగం పెంచితే లేస్తుంది, వేడెక్కి నెమ్మదిగా తిరుగుతుంటే జారుతుంది. జారడమే దాని పని. 1995 నుంచి ఫ్యాక్టరీ దాన్ని తీసేసి, ముల్లు ఆకారంలో ఉన్న దీపం లాంటిది పెట్టింది. ప్రెషర్ కొంచెమైనా ఉంటే అది మధ్యలో నిలబడుతుంది, లేకపోతే పడిపోతుంది, అంతే. కదలని ముల్లును చూసి ధైర్యపడేవారు, కదిలే ముల్లును చూసి బెదిరేవారు, ఇద్దరూ తలకిందులుగా ఆలోచిస్తున్నట్టే.

చల్లటి ఇంజిన్ టకటక వాల్వుల దగ్గర ఆయిల్‌తో నిండే చిన్న సర్దుబాటు ముక్కలది. రాత్రంతా ఆయిల్ కిందికి దిగిపోతుంది, స్టార్ట్ చేశాక మళ్లీ నిండేవరకు చప్పుడు చేస్తాయి. వేడెక్కేలోగా ఆగిపోతే పట్టించుకోవద్దు. ఎక్కువసేపు ఉంటే ఆయిల్, ఫిల్టర్ మార్చి, బాగా వేడెక్కాక కాసేపు హుషారుగా నడపండి. అప్పటికీ తగ్గకపోతేనే తల తెరిచే మాట. ఫిల్టర్ ఇంజిన్‌లోకి గాలి పంపే గొట్టాల, అంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్, కింద దాక్కుని ఉంటుంది. చిన్న చేతులున్న స్నేహితుడు దొరికితే అదృష్టం.

ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట ఆయిల్ చుక్కలు కనిపిస్తే క్రాంక్ వెనక సీల్ పోయిందనీ, గేర్‌బాక్స్ దించాలనీ చెప్పే మెకానిక్‌లు దొరుకుతారు. నాకూ ఒకాయన చెప్పాడు. ఒప్పుకునే ముందు ఇంజిన్ తల వెనక చెయ్యి పెట్టి చూడండి. అక్కడ క్యామ్ కోణపు సెన్సర్ చుట్టూ ఉండే చిన్న రబ్బరు ఉంగరం వయసు మీద పడి గట్టిపడుతుంది. దాని నుంచి కారే ఆయిల్ గోడ వెంబడి దిగి సరిగ్గా ఆ అతుకు దగ్గరే చుక్క కడుతుంది. నా వేలికి జిడ్డు అంటింది, నా గేర్‌బాక్స్ ఉన్నచోటే ఉంది.

మార్చడం ఒక మధ్యాహ్నం పని. ఇంజిన్ చల్లారాక, సెన్సర్ ఒంటి మీద నుంచి ఇంజిన్ తల మీదికి సన్నటి గీత గీయండి. కనెక్టర్ ఊడదీసి, బిగింపు బోల్టు తీసి, సెన్సర్‌ను నేరుగా వెనక్కి లాగండి. పాత ఉంగరం ప్లాస్టిక్ ముక్కలా విరిగి వస్తుంది. కొత్తదానికి ఇంజిన్ ఆయిల్ రాసి తొడిగి, గీతలు కలిసేలా తిరిగి పెట్టండి. సెన్సర్ కొద్దిగా తిరిగినా టైమింగ్ మారుతుంది కాబట్టి, నల్ల పెట్టె దగ్గరికి మళ్లీ వెళ్లక తప్పదు.

జాకీ, రేడియేటర్

గేర్‌బాక్స్‌ను, వెనక చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్‌తో కలుపుతూ పొడవాటి అల్యూమినియం దూలం ఉంటుంది. జాకీ పెట్టడానికి చక్కగా ఉన్నట్టు కనిపిస్తుంది. పెట్టకూడదు. నేల కింద పొడవునా ఉన్న పెట్టెలాంటి పట్టీలు కూడా పల్చటి రేకే, నలిగిపోతాయి. ముందు అయితే సస్పెన్షన్‌ను మోసే అడ్డ దూలం మధ్యలో, వెనక అయితే డిఫరెన్షియల్ గుండు కింద పెట్టండి. బానెట్ కూడా అల్యూమినియమే, మూసేటప్పుడు వేలిముద్రల లోతున సొట్టలు పడతాయి. అరచేతులు పరిచి నొక్కండి.

రేడియేటర్ పైనున్న ప్లాస్టిక్ తొట్టి కొత్తలో నల్లగా ఉంటుంది. అది ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకు తిరిగిందంటే రోజులు లెక్కపెట్టుకుంటోందని అర్థం. కారుతోందా లేదా అని చూడకుండా మార్చేయండి.

గేర్ లివర్ కింద ఆయిల్ గుంట

ఈ కారు పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది మణికట్టు కదలికతో పడే గేరు. మీ కారులో అలా పడకపోతే, లివర్ గరగరలాడుతుంటే, గేర్‌బాక్స్ మీద నింద వేయకముందు లివర్ కూర్చున్న గుంటను చూడండి. దానికి గేర్‌బాక్స్‌తో సంబంధం లేకుండా సొంత ఆయిల్ ఉంటుంది. గేర్‌బాక్స్ ఆయిల్ ఎన్నిసార్లు మార్చినా ఇక్కడికి చుక్క కూడా చేరదు. చాలా కార్లలో ఆ గుంట ఏళ్ల తరబడి ఎండిపోయి ఉంటుంది.

గేర్ నాబ్‌ను ఎడమవైపు తిప్పి తీసి, మధ్య కన్సోల్ మరలు విప్పి పైకి ఎత్తండి. పై రబ్బరును నాలుగు బోల్టులు పట్టి ఉంచుతాయి, దాని కింద లివర్‌ను మూడు. లివర్ నేరుగా పైకి వస్తుంది. మధ్యలో ఉండే కింది రబ్బరు చిరిగి ఉంటే, ఇన్నాళ్లూ కాళ్ల దగ్గర వేడిగాలి ఎందుకొచ్చిందో తెలిసిపోతుంది. లివర్ అడుగు గుండుకు తొడిగిన నైలాన్ టోపీని వేళ్లతో ఆడించండి, వదులుగా ఉంటే మార్చాలి. గుంటలో మిగిలిన నల్లటి జిగురును సిరంజితో లాగి, 80 నుంచి 95 మిల్లీలీటర్ల 75డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ పోయండి. అంతకు మించి పోస్తే లివర్ దించగానే కార్పెట్ మీదికి పొంగుతుంది.

ఇంత చేశాక కూడా చలి ఉదయం మొదటి కొద్ది కిలోమీటర్లు రెండో గేరు కాస్త బిగువుగానే పడుతుంది. తోయకండి. ఆయిల్ వేడెక్కేవరకు మొదటి గేరు నుంచి నిదానంగా, ఒక క్షణం మధ్యలో ఆగి వేయండి.